ఆ గంటసేపు పిల్లలు ఎవరి దగ్గర?

హైదరాబాద్‌లో స్పా ఉన్న హోటళ్ళకి కొదవేం లేదు. బంజారాహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా పెద్ద హోటల్ ఏది చూసినా స్పా, స్విమ్మింగ్ పూల్, జిమ్ మూడూ కనిపిస్తాయి. ఫోటోలు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. మడతపెట్టిన తెల్ల తువ్వాళ్ళు, గులాబీ రేకులు, పక్కన ఓ కొవ్వొత్తి. ఆ ఫోటోల్లో పిల్లలు మాత్రం ఉండరు. మేమేమో ఐదుగురం. నేను, మా ఆయన, పదేళ్ళ అమ్మాయి, ఐదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య. నేను ఆ చల్లని గదిలో కళ్ళు మూసుకుని పడుకున్న గంటసేపు పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, ఏం చేస్తుంటారు? హోటల్ వెతుకుతున్నన్నాళ్ళూ నా బుర్రలో తిరిగింది ఈ ప్రశ్నే. దీనికి సరైన జవాబు చెప్పిన హోటలే నా లెక్కలో ఫ్యామిలీ హోటల్.

అందుకని బుక్ చేసే ముందు ఫోన్లు చేశాను. ముందు రిసెప్షన్‌కి, వాళ్ళని అడిగి స్పా కౌంటర్‌కి. ఈ రెండో ఫోనే ముఖ్యం. రిసెప్షన్‌లో ఏది అడిగినా "ఉంది మేడమ్" అంటారు. స్పాలో పనిచేసేవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్తారు. నేను అడిగిన చోట్ల ఎక్కువమంది పదహారేళ్ళలోపు పిల్లల్ని స్పాలోకి రానివ్వమన్నారు. అందులో తప్పేం లేదు, లోపల పడుకున్నవాళ్ళకి ప్రశాంతంగా ఉండాలి కదా. అలాంటప్పుడు పిల్లలకి మిగిలేది పూల్. దాన్నేమో చాలాచోట్ల మధ్యాహ్నం శుభ్రం చేయడానికి మూసేస్తారు. స్పాలో సులువుగా ఖాళీ దొరికేదీ సరిగ్గా ఆ వేళలోనే. పూల్ తెరిచి ఉండే టైమూ స్పాలో మనకి దొరికే టైమూ కలవకపోతే, అది ఎంత గొప్ప స్పా అయినా తల్లులకి ఉపయోగం లేదు.

పిల్లల పూల్ విడిగా ఉందా, లోతెంత, లైఫ్‌గార్డ్ ఉంటారా, డిసెంబర్‌లో నీళ్ళు వేడి చేస్తారా అని కూడా అడిగాను. ఒక హోటల్‌లో పిల్లల పూల్ లోతు మూడున్నర అడుగులన్నారు. మా బాబు ఎత్తే అంత! దాన్ని అక్కడికక్కడే జాబితాలోంచి కొట్టేశాను. హైదరాబాద్‌లో డిసెంబర్ పొద్దుటి చలికి మా రాజమండ్రి చలి చాలదు. వేడి చేయని పూల్‌లో పిల్లలు పది నిమిషాలకే పళ్ళు టకటకలాడిస్తూ బయటికొస్తారు. వేరే ఊళ్ళో ఒక హోటల్‌లో దిగాక గానీ పూల్ రిపేర్‌లో ఉందని చెప్పలేదు. ఆ రోజు మా పిల్లల మొహాలు నేనింకా మర్చిపోలేదు. అందుకే బయల్దేరే ముందు రోజు కూడా ఫోన్ చేసి, పూల్ నడుస్తోందని తెలుసుకున్నాకే బ్యాగులు సర్దాను.

గదుల విషయంలో కాస్త లెక్క వేయాల్సి వచ్చింది. ఐదుగురికి పెద్ద సూట్ ఒకటి తీసుకోవాలా, మధ్యలో తలుపు ఉండే కనెక్టింగ్ రూమ్స్ రెండు తీసుకోవాలా? 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. సూట్ ఆ గీత దాటేసింది. రెండు మామూలు గదులూ విడివిడిగా గీత లోపలే ఉన్నాయి. పన్నుతో కలిపి చూస్తే రెండు గదులే నయం. పైగా రెండు బాత్‌రూమ్‌లు. అత్తయ్య తెల్లవారుజామున నాలుగింటికి లేచి స్నానం, పూజ చేసుకున్నా మా నిద్ర చెడదు. కనెక్టింగ్ రూమ్స్ కావాలని బుకింగ్‌లో ఓ మాట రాసి ఊరుకుంటే చాలదు. ఇస్తున్నామని వాళ్ళ చేత మెయిల్ పెట్టించుకుంటే నిశ్చింత.

ఫలక్‌నుమా ప్యాలెస్ గురించి ఆలోచించకపోలేదు. నిజాంల కొలువులోని 'పాయిగా' అనే ప్రభువుల వంశానికి చెందిన వికార్-ఉల్-ఉమ్రా కొండ మీద కట్టించుకున్న భవనం అది, తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్ళింది. 2010లో తాజ్ వాళ్ళు దాన్ని హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉంది అక్కడ. మా బడ్జెట్‌కి అందదన్నది ఒక కారణం. ఇంకో కారణం మా ఐదేళ్ళవాడు. అంత అందమైన చోటుని తీరిగ్గా, నెమ్మదిగా చూడాలి. "పరిగెత్తకు, ముట్టుకోకు" అని వాడి వెనకాల తిరుగుతూ కాదు. గండిపేట, శామీర్‌పేట వైపు రిసార్టులు పిల్లలకి బాగుంటాయి గానీ, ఊరు చూడాలంటే రోజూ సగం టైమ్ కారులోనే పోతుంది.

చివరికి గచ్చిబౌలి ఖాయం చేశాం. కాకినాడ నుంచి వచ్చే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి దాకా వెళ్తుంది. అక్కడ దిగితే గచ్చిబౌలి దగ్గరే, సికింద్రాబాద్ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ రానక్కర్లేదు. ఇంకో మంచి సంగతి కూడా ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు హోటళ్ళు మామూలు రోజుల్లో ఐటీ కంపెనీల పనిమీద వచ్చేవాళ్ళతో నిండిపోయి, శని, ఆదివారాల్లో ఖాళీ అవుతాయి. అందుకని వారాంతంలో గది అద్దె తగ్గుతుంది. స్పా, పూల్ మాత్రం ఆదివారం ఊళ్ళోవాళ్ళతో కిటకిటలాడతాయి. ఇది స్పా కౌంటర్‌లో అమ్మాయి చెప్పిన మాట. "సోమవారం పొద్దున రండి మేడమ్, మీకు మీరే ఉంటారు" అంది. మేం సోమవారం సెలవు పెట్టుకున్నాం.

రైలు పొద్దున్నే దింపేస్తుంది, చెక్ఇన్ ఏమో మధ్యాహ్నం రెండింటికి. పెద్దావిడతో లాబీలో అంతసేపు కూర్చోవడం ఎలాగా అని టెన్షన్ పడ్డాను. ముందే అడిగి ఉంచడం వల్ల ఒక గది తొమ్మిదింటికల్లా ఇచ్చారు. అత్తయ్య నడుం వాల్చారు, పిల్లలు నీళ్ళలోకి దూకారు. పూల్‌లోకి నైలాన్ కాస్ట్యూమ్ తప్పనిసరి. కాటన్ బట్టల పోగులు ఊడి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయట. నేను మోకాళ్ళ కిందిదాకా వచ్చే ఫుల్ కాస్ట్యూమ్ ఊళ్ళోనే కొనుక్కున్నాను. పొట్టి బట్టలు ఇష్టంలేక పూల్ గట్టు మీదే కూర్చుండిపోయే ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. ఇలాంటివి దొరుకుతాయని వాళ్ళకి తెలిస్తే బాగుండును. పక్కనే ఉన్న జకూజీ బుడగలు చూసి మా బాబు అందులోకి వెళ్తానని గోల చేశాడు. నేను వెళ్ళనివ్వలేదు. ఆ నీళ్ళు దాదాపు నలభై డిగ్రీల దాకా వేడిగా ఉంటాయి, చిన్నపిల్లల ఒళ్ళు ఆ వేడికి మనకన్నా తొందరగా కాగిపోతుంది.

ఆ మధ్యాహ్నమే కుతుబ్ షాహీ సమాధులకి వెళ్ళాం. గోల్కొండకి దగ్గర్లోనే ఉంటాయి. నేల చదునుగా ఉండి, దారిపొడవునా చెట్లు ఉండడంతో అత్తయ్య నెమ్మదిగా నడవగలిగారు. ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్ళు ఈ మధ్య బాగుచేసిన కట్టడాల్లో ఒక హమామ్, అంటే స్నానశాల కూడా ఉంది. రాజవంశంలో ఎవరైనా పోతే సమాధి చేసే ముందు ఇక్కడ స్నానం చేయించేవారు. మధ్యలో పన్నెండు పలకల అరుగు, వేడినీళ్ళకి, చన్నీళ్ళకి వేరువేరు తొట్లు. మా అమ్మాయి ఆ తొట్ల దగ్గర వంగి చూసి, "అమ్మా, అప్పట్లో గీజర్ లేకుండానే రెండు రకాల నీళ్ళు వచ్చేవా?" అని అడిగింది. అత్తయ్య చాలాసేపు ఆ అరుగునే చూస్తూ నిలబడి, "పోయినవాళ్ళకి కూడా ఎంత మర్యాదగా నీళ్ళు పోశారో" అన్నారు. సాయంత్రం గోల్కొండలో ఫతే దర్వాజా కింద పిల్లలు చేతులు నొప్పెట్టేదాకా చప్పట్లు కొట్టారు. పైన బాలాహిస్సార్ దాకా వినపడుతుందంటే నమ్మక, మా ఆయన్ని పైకి పంపి మరీ పరీక్షించారు. వినపడింది.

ఆదివారం పాతబస్తీ. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగాం. స్టేషన్లలో లిఫ్టులున్నాయి కాబట్టి అత్తయ్య ఎక్కడా మెట్లెక్కే అవసరం రాలేదు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, లాడ్ బజార్‌లో గాజులు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

సోమవారం పొద్దున అసలు పని. అత్తయ్యని ఒప్పించడానికి నాకు ముందురోజు రాత్రంతా పట్టింది. "అదేంటమ్మాయ్, పరాయివాళ్ళ చేత ఒళ్ళు పట్టించుకోవడమేంటి? మా అమ్మ భోగినాడు నువ్వులనూనె పెట్టి, నలుగు పెట్టి తలంటేది. అమ్మ పోయాక నా ఒంటి మీద ఎవరి చెయ్యీ పడలేదు" అన్నారు. ఇంట్లో అందరికీ తలంటేది ఆవిడే. ఆవిడకి ఎవరు తలంటుతారని మేమెవరం ఎప్పుడూ అడగలేదు. "మీకు నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేయండత్తయ్యా, నేను పక్కగదిలోనే ఉంటాను" అన్నాక సరేనన్నారు.

ముందు ఒక ఫారం నింపారు. బీపీ, షుగర్, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, పడని నూనెలు. ఏదీ దాచకుండా చెప్పాలి. అత్తయ్య బీపీ మాత్రలు వేసుకుంటారని చెప్పగానే స్టీమ్, సానా వద్దన్నారు. అంత వేడిలో రక్తనాళాలు సాగి బీపీ ఒక్కసారిగా పడిపోతే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. మోకాలి కీలు మీద నొక్కకుండా, చుట్టూ ఉన్న కండరాలనే మెల్లగా పడతామన్నారు. గోరువెచ్చటి నువ్వులనూనెతో అభ్యంగనం ఎంచుకున్నాం. ఎనిమిదిన్నరకే టిఫిన్ ముగించి, రెండు గంటలు ఆగి వెళ్ళాం. కడుపు నిండుగా ఉన్నప్పుడు బోర్లా పడుకోలేం కదా.

థెరపిస్ట్ మణిపూర్ నుంచి వచ్చిన అమ్మాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయేమో. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, ఇత్తడి పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు, రాళ్ళుప్పు, నిమ్మచెక్కలు వేసి, కింద కూర్చుని ఆవిడ పాదాలు అందుకుంది. అత్తయ్య గబుక్కున కాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు. "పర్లేదు అమ్మా" అంది ఆ అమ్మాయి. ఓ క్షణం ఆగి, అత్తయ్య కుడిచెయ్యి ఆ పిల్ల తల మీద పెట్టి, "చల్లగా ఉండు తల్లీ" అన్నారు. అప్పుడు గానీ పాదాలు నీళ్ళలో పెట్టలేదు. ఆ అమ్మాయికి మాట అర్థమైందో లేదో గానీ, తలొంచి ఆ చేతి కింద అలాగే ఉంది. మడమల పగుళ్ళ దగ్గర వేళ్ళతో ఎంతో నెమ్మదిగా రుద్దింది. ఏళ్ళ తరబడి వాకిట్లో కళ్ళాపి చల్లి, ముగ్గులు పెట్టిన పాదాలు అవి. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తనకి తెలిసిన తెలుగు మాటలు కొన్నే. "నొప్పి?", "మెల్లగా?", "చాలా?" పనికి అవి సరిపోయాయి.

ఆ పక్క గదిలో నేను. బ్యాంకులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని గట్టిపడిపోయిన మెడ, భుజాలు. ఏ చోట ముడి పడిందో నేను చెప్పకముందే వేలు పెట్టి చూపించింది ఇంకో అమ్మాయి. గట్టిగా నొక్కితేనే మసాజ్ అనుకుంటాం గానీ, ఊపిరి బిగబట్టేంత నొప్పి వస్తే వెంటనే చెప్పాలి. చెప్తే తగ్గిస్తారు. కిటికీ అవతల ఎక్కడో పిల్లల కేకలు వినపడుతున్నాయి, మా ఆయన గొంతు కూడా. పూల్‌లో వాళ్ళు ముగ్గురే ఉన్నారని, లైఫ్‌గార్డ్ ఉన్నాడని, పిల్లల పూల్ లోతు రెండడుగులు కూడా లేదని నాకు తెలుసు. అందుకే నిద్రపట్టింది. నేను పెట్టిన డబ్బుకి ఫలితం నిజంగా ఆ నిద్రే. ఎవరూ నన్ను పిలవని గంట నాకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో!

పెద్ద హోటళ్ళలో గంట మసాజ్ అంటే నాలుగు వేల పైమాటే, మా ఇద్దరికీ కలిపి బిల్లు బాగానే అయ్యింది. అత్తయ్యకి ఆ అంకె చెప్పలేదు, ఆవిడా అడగలేదు. మసాజ్ తర్వాత పెద్దవాళ్ళని వెంటనే తిప్పకూడదని ఒక గదికి మూడింటిదాకా లేట్ చెక్అవుట్ ముందే మాట్లాడి పెట్టాను. ఆవిడ పెరుగన్నం తిని హాయిగా నిద్రపోయారు. లేచాక కాళ్ళు చాపి, ముడిచి చూసుకుని, నొప్పి పోలేదు గానీ కాళ్ళలో బరువు తగ్గిందన్నారు. గంట మసాజ్‌తో అరిగిన మోకాళ్ళు బాగవుతాయని ఎవరూ అనుకోకూడదు, డాక్టర్ చెప్పిన వ్యాయామాలు చేయాల్సిందే.

రాత్రి రైల్లో అత్తయ్య వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి గంటసేపు చెప్పారు. పిన్నిగారు కూడా వస్తానంటున్నారట. వేసవి సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాం. ఆరుగురం అవుతాం కాబట్టి గదుల లెక్క మళ్ళీ వేయాలి. ఎండల్లో పూల్ ఎన్నింటిదాకా తెరుస్తారో, పైన నీడ ఉందో లేదో కనుక్కోవాలి. పిల్లలకి జూ పార్క్ బాకీ ఉంది. దానికి సోమవారం సెలవు, అందుకని ఈసారి శుక్రవారం పొద్దున దిగేలా టికెట్లు చూస్తున్నాను. శుక్రవారం సాలార్‌జంగ్ మూసి ఉంటుంది గానీ, పిన్నిగారికి దాన్ని ఆదివారం చూపిస్తాం.