పరదేశంలో మందిరం కట్టే సేవ – ఒక్క బకెట్ నీళ్లతో నేర్చుకున్నది

పరదేశంలో ఒక క్రైస్తవ సంఘానికి ప్రార్థనా మందిరం కట్టే సేవకు వెళ్లి, తిరిగొచ్చి నాలుగు రోజులైంది. సిమెంటు తిన్న వేళ్ల మీద చర్మం ఇంకా ఊడుతోంది. ఇలాంటి సేవకు వెళ్లాలనుకునేవాళ్ల కోసం, అన్నీ గుర్తున్నప్పుడే రాసేస్తున్నాను.

కాగితాల పని పెద్ద కష్టమేమీ కాదు, ఒకటి రెండు జాగ్రత్తలు చాలు. జీతం లేకపోయినా పనిని పనిగానే లెక్కగట్టే దేశాలున్నాయి. పర్యాటక వీసా మీద ఇటుక ముట్టుకోవచ్చో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే, మొదటిసారి వేయించుకున్నాక 10 రోజులకు గానీ ఆ పత్రం చెల్లదు. టికెట్ తేదీ చూసుకుని వేయించుకోండి.

మమ్మల్ని పంపిన కార్యాలయం మీద మాత్రం నాకు కోపం ఉంది. వాళ్లిచ్చిన సామాన్ల జాబితాలో 'చేతి తొడుగులు' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అందరం నూలువి కొనుక్కెళ్లాం. తడి సిమెంటుకు క్షార గుణం ఎక్కువ. నూలు తొడుగు దాన్ని పీల్చుకుని చర్మానికి అంటిపెట్టి ఉంచుతుంది. పని చేసేటప్పుడు మంట తెలియదు, కొన్ని గంటలయ్యాక బొబ్బలెక్కుతాయి. రబ్బరు పూత ఉన్నవి, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తీసుకెళ్లండి. బూటులోకి మాలు (కలిపిన తడి సిమెంటు ముద్ద) జారితే ఆ పూట అయ్యేదాకా ఆగొద్దు, వెంటనే విప్పి మంచినీళ్లతో బాగా కడుక్కోండి.

రోజూ తెల్లవారుతూనే వాక్యం, ప్రార్థన. తర్వాత పనిముట్ల లెక్క. ఎండ ముదరకముందే కాంక్రీటు, మధ్యాహ్నం నీడపట్టున కమ్మీల చుట్టూ వేసే ఇనుప రింగులు వంచడం, కమ్మీలకు బైండింగ్ వైరు కట్టడం, పొద్దుగూకే వేళకు తాపీలూ పారలూ కడిగి మళ్లీ లెక్క. గోడల దగ్గర ఇబ్బంది పడలేదు. 3-4-5 కొలతతో (మూల నుంచి ఒక గోడ మీద 3, రెండో గోడ మీద 4 కొలిస్తే ఆ రెండు గుర్తుల మధ్య 5 రావాలి) మూల సరిచూడటం, గది ఎదురెదురు మూలల మధ్య రెండు కర్ణాలూ సమానమో కాదో కొలవడం ఒక్క రోజులో వస్తుంది. మట్టం చూసే నీళ్ల గొట్టం, అదే లెవెల్ పైపులో గాలి బుడగ మిగిలితే మట్టం తప్పు చూపిస్తుంది, అదొక్కటి గమనించుకోవాలి.

నన్ను తలదించుకునేలా చేసింది గోడల పైన చుట్టూ తిరిగే బీము.

కాంక్రీటు చేత్తోనే కలిపాం. సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:1.5:3. 50 కిలోల సిమెంటు బస్తా అంటే కొలతలో దాదాపు 35 లీటర్లు. అందుకని 35 లీటర్ల చెక్కపెట్టె ఒకటి చేసుకుంటే బస్తాకు ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర. చేత్తో కలిపితే సిమెంటు పదో వంతు ఎక్కువ వేయాలి. మట్టి నేల మీద కాదు, రేకు మీద కలపాలి. ఇసుక, సిమెంటు ఒకే రంగు వచ్చేదాకా పొడిగానే తిరగేసి, కంకర కలిపి, మధ్యలో గుంట చేసి నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. బస్తాకు 25 లీటర్లు. ఇసుక చెమ్మగా ఉంటే అంత కూడా వద్దు. 80 కిలోల ఇసుకలో 5 శాతం తేమ ఉందంటే 4 లీటర్లు అందులోనే ఉన్నట్టు. పైగా చెమ్మ ఇసుక పొంగుతుంది, పెట్టె నిండినా బరువుకు తక్కువే వస్తుంది.

ఇవన్నీ నాకు చెప్పారు. అయినా మూడో విడత మాలు గట్టిగా ఉంది, కమ్మీల మధ్యకు దిగడం లేదు, పార బరువెక్కింది. ఎవరినీ అడక్కుండా 10 లీటర్ల బకెట్ ఒంపేశాను. నిమిషంలో మాలు జావలా జారింది, పని సులువైందని సంబరపడ్డాను. మేస్త్రీ వచ్చి దోసిట్లోకి తీసుకుని వేళ్లు విప్పాడు. నీళ్లు కారిపోయి కంకర మిగిలింది. ఆ విడతంతా ఎత్తి బయట పోయించాడు. తట్టలు మోస్తూ వరసలో నిలబడ్డ సంఘం వాళ్లంతా చూస్తున్నారు. ఆ బస్తా వాళ్ల కానుకలతో కొన్నది.

ఆయన భాష నాకు రాదు. సాయంత్రం ఎండిన ముక్క ఒకటి చేతిలో పెట్టి గోటితో గీకి చూపించాడు. పైపొర పొడిపొడిగా రాలింది. సిమెంటు తనకు అవసరమైన నీళ్లే తాగుతుంది, మిగిలినవి ఆరిపోయి సన్నటి రంధ్రాలు వదులుతాయి. బలం పడిపోతుంది, ఆ రంధ్రాల్లోంచి చెమ్మ కమ్మీదాకా వెళ్లి తుప్పు పట్టిస్తుంది. మాలు దిగకపోతే చేయాల్సింది 16 ఎంఎం కమ్మీ ముక్కతో పొడవడం, కాంక్రీటు పోయడానికి అచ్చులా కట్టిన సెంట్రింగ్ చెక్కల మీద చెక్క సుత్తితో కొట్టడం. చెక్క విప్పాక తేనెపట్టులా కంకర తేలిందంటే పొడిచినవాళ్లు బద్ధకించారన్న మాట.

సేవ చేయడానికి వచ్చాం కదా అని తోచింది చేసేయడం సేవ కాదు. మనం విమానమెక్కి వచ్చేస్తాం, ఆ కప్పు కింద మోకరించేది వాళ్లు.

మర్నాటి నుంచి నన్ను నీళ్లు కొట్టే పనికి మార్చారు. మొదట చిన్నతనమనిపించింది. గట్టిపడ్డాక కాంక్రీటుకు నీళ్లే ప్రాణం. కనీసం 7 రోజులు, వేడి గాలి కొట్టే చోట 10 రోజులు తడి ఆరకూడదు. గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. పొద్దున తడిపి సాయంత్రం దాకా వదిలేస్తే పగుళ్లు వస్తాయి. ఆదివారం పని లేదుగా అని మా జట్టులో కొందరు మానేయబోతే, ఆరాధనకు ముందు ఒకసారి, తర్వాత రెండుసార్లు నేనే వెళ్లి తడిపాను. నా వంతు బీములో ఒక్క వెంట్రుకవాసి పగులు రాలేదు, అది గట్టిగా చెప్పుకుంటాను.

బయల్దేరే రోజుకు చివరి బీము పోసి నాలుగు రోజులే అయింది. ద్వారాల మీద బీముకు పెట్టిన ఊతకర్రలు 14 రోజులదాకా తీయకూడదని, మిగిలిన రోజుల్లో ఏ పూట ఎవరు తడపాలో పేర్లతో సహా కాగితం రాయించి పాస్టరు గారి చేతికిచ్చి వచ్చాం.