వాల్రస్ పైలట్ లాగ్‌బుక్: కాకిలెక్కలు ఎవరివి?

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీష్ చానెల్ నీళ్లలో పడిపోయిన విమాన సిబ్బందిని వాల్రస్ అనే నీటి విమానంలో వెళ్లి వెతికి తీసుకొచ్చిన ఒక బ్రిటిష్ పైలట్ ఉన్నారు. ఆయన శిక్షణ, సర్వీసు రికార్డులన్నీ ఒకచోట చేర్చి, ఏ రోజు ఏం చేశారో పట్టికగా రాయడం నేను పెట్టుకున్న పని. లాగ్‌బుక్, అంటే ఎక్కిన ప్రతి విమానాన్నీ ఎగిరిన గంటలతో సహా ఆయన రాసుకున్న పుస్తకం, ఆయన మనవరాలి దగ్గరుంది. ఆవిడ ఒక్కో పేజీ ఫొటో తీసి పంపుతారు, నేను కూర్చుని ఎక్కిస్తాను. పేరు, స్క్వాడ్రన్ (విమాన దళం) నంబరు బయట పెట్టొద్దన్నారు కాబట్టి ఇక్కడ ఆయన ఉత్త ‘పైలట్’.

1వ వారం

మొదటి విడతలో నలభై పేజీలొచ్చాయి. చూడగానే ఉసూరుమన్నాను. స్కానర్‌ని నలుపు తెలుపులో పెట్టి తీశారు. ఈ లాగ్‌బుక్కుల్లో రాత్రి ప్రయాణాలను ఎర్ర సిరాతో రాసే అలవాటుంది. నలుపు తెలుపులో ఆ ఎరుపూ మామూలు నీలమూ ఒకేలా బూడిదరంగులో కనిపిస్తాయి. మళ్లీ తీయమని అడగడానికి మొహమాటపడ్డాను గానీ అడిగాను. ఈసారి కలర్‌లో, 600 డీపీఐలో పంపారు.

ఇలాంటి పుస్తకం మీ చేతికొస్తే వెన్ను విరిచి బల్లపరుపుగా పరచకండి. ఒక అట్ట కింద దిండు పెట్టి, సగం తెరిచి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా ఫోన్‌తో తీస్తే చాలు. గ్లవ్స్ అక్కర్లేదు, కడిగి తుడుచుకున్న చేతులైతే కాగితం అంచు వేలికి తెలుస్తుంది. ఫైలుకి పేజీ నంబరు, ఎడమా కుడా అన్నదీ పేరుగా పెట్టాలి. ఎందుకంటే ఈ పుస్తకంలో ఒక వరుస రెండు పేజీల మీదుగా పారుతుంది. తేదీ, విమానం, ఎవరెవరు ఎక్కారు, చేసిన పని ఎడమ పేజీలో ఉంటాయి. గంటల గడులు కుడి పేజీలోకి సాగుతాయి. రెండూ కలపడంలో ఒక్క గీత జారితే ఒకరి గంటలు ఇంకో రోజుకి అంటుకుంటాయి.

3వ వారం

శిక్షణ భాగం పూర్తయింది. లాగ్‌బుక్ అంటే ఆర్.ఎ.ఎఫ్. (బ్రిటిష్ వైమానిక దళం) ఫారం 414. కానీ అది విమానం ఎక్కిన రోజు నుంచే మొదలవుతుంది, అంతకు ముందు సంగతి అందులో ఉండదు. అదృష్టం కొద్దీ ఆయన సంవత్సరాల వారీగా రాసుకున్న ఒక చీటీ అట్ట లోపల ఉంది. 1941లో ‘ఏసీఆర్‌సీ’ అని ఉంది. అంటే కొత్తగా చేరిన విమాన సిబ్బందిని మొదట పోగుచేసే కేంద్రం. ఎక్కడో తెలుసా? లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానం! టెస్ట్ మ్యాచ్‌లు జరిగే చోట ఈ కుర్రాళ్లు వరుసగా నిలబడి యూనిఫారాలు తీసుకున్నారు. ఆ చీటీ చదివాక కాసేపు పని ఆపేసి లార్డ్స్ పాత ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రం ఒక్క వరుస కూడా ఎక్కలేదు.

తర్వాత పాఠాలు చెప్పే ఐటీడబ్ల్యూ అనే ప్రాథమిక శిక్షణ కేంద్రం: మోర్స్, దిక్కుల లెక్క, వాతావరణం. ఆపైన టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానం మీద మొదటి అక్షరాలు. అక్కడి నుంచి ఓడలో కెనడా. కామన్వెల్త్ శిక్షణ పథకం కింద అక్కడ మొత్తం 1,31,553 మంది విమాన సిబ్బంది తయారయ్యారు. మన పైలట్ హార్వర్డ్ అనే శిక్షణ విమానం మీద రెక్కల బ్యాడ్జి సంపాదించి, మాంక్టన్‌లోని 31వ పర్సనెల్ డిపోలో ఓడ కోసం ఎదురుచూసి, ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్ కేంద్రానికి తిరిగొచ్చారు.

టైగర్ మాత్ పేజీల్లో ‘పని’ గడి చూసి మొదట బిత్తరపోయాను. మాటలు లేవు, అన్నీ అంకెలే. 4, 5, 6. మర్నాడు 6, 7, 8. అవి పాఠాల నంబర్లని తర్వాత తెలిసింది. 3 అంటే నేల మీద నడపడం, 7 గాలికి ఎదురుగా లేవడం, 10 స్పిన్, 11 మొదటి సోలో. గిరగిరా తిరుగుతూ పడిపోతున్న విమానాన్ని నిలబెట్టడం నేర్పాకే ఒంటరిగా వదులుతారన్నమాట. ఆయన 11 అంకె పక్కన చిన్న చుక్క పెట్టుకున్నారు. పొంగిపోయి రాసిన మాట ఒక్కటీ లేదు.

కోర్సు చివర ముద్ర వేసి ఇచ్చిన మార్కు ‘ఆవరేజ్’. మనవరాలు కాస్త చిన్నబుచ్చుకున్నారు. అందులో తక్కువేమీ లేదని చెప్పాను. నేను చూసిన లాగ్‌బుక్కుల్లో ఎక్కువ మందికి ఉండేది ఆ మార్కే.

5వ వారం

ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండు వారాలుగా నా స్ప్రెడ్‌షీట్ మొత్తాలు, ఆయన నెలాఖరు మొత్తాలు ఒక్కటీ కలవడం లేదు. ఆయనవి కాకిలెక్కలనుకున్నాను. అసలు సంగతి వేరే. ఆయన 1.40 అని రాస్తే ఒక గంట నలభై నిమిషాలు. నా షీట్‌కి అది ఒకటి పాయింట్ నాలుగు. 1.40, .35 కలిపితే ఆయన లెక్కలో 2.15, నా షీట్‌లో 1.75. గంటలకో గడి, నిమిషాలకో గడి విడిగా పెట్టి మూడు వందల పైచిలుకు వరుసలు మళ్లీ ఎక్కించాను. అంతా అయ్యాక కెనడా నెలలన్నీ నిమిషంతో సహా కలిశాయి.

6వ వారం

సర్వీసు రికార్డు కోసం మనవరాలు దరఖాస్తు పెట్టారు. బ్రిటన్ రక్షణ శాఖ దగ్గరున్న పాత రికార్డులను 2022 నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కి తరలిస్తున్నారు. పుట్టి 115 ఏళ్లు నిండని వాళ్లవి అందరికీ తెరవరు. ఆయన 1921లో పుట్టారు, కాబట్టి 2036 దాకా ఆగాలి. లేదా కుటుంబం మరణ ధ్రువపత్రం జతచేసి అడగాలి. ఈ పని మొదటి రోజే పెట్టుకోవాల్సింది, జవాబు వచ్చేలోపు మిగతావి చేసుకోవచ్చు.

ఇంకో చిక్కు: ఆయనకు రెండు సర్వీసు నంబర్లున్నాయి. సార్జెంట్‌గా ఉన్నప్పుడొకటి, ఆఫీసరయ్యాక ఇంకొకటి. లండన్ గెజిట్ అనే ప్రభుత్వ పత్రికలో ఆఫీసరైన తేదీ దొరికింది, అందులో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క నంబరుతోనే వెతికితే సగం జీవితం కనపడదు.

9వ వారం

స్క్వాడ్రన్‌కి చేరాం. 1940 వేసవిలో సముద్రంలో పడ్డ తమ పైలట్ల కోసం జర్మన్లకు తెల్లరంగు వేసిన హైంకెల్ 59 నీటి విమానాలుండేవి. బ్రిటిష్ వాళ్లు లాంచీలతో, అరువు తెచ్చుకున్న కొద్దిపాటి లైసాండర్ విమానాలతో నెట్టుకొచ్చారు. 1941 చివరికి గానీ 275 నుంచి 278 దాకా ప్రత్యేక స్క్వాడ్రన్లు నిలబడలేదు.

మన పైలట్ చేతికొచ్చింది వాల్రస్. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని గీసిన ఆర్.జె. మిచెల్ గీసిందే, కానీ చూస్తే నమ్మరు. రెండంతస్తుల గుడ్డ రెక్కలు, పడవలాంటి పొట్ట, వెనక్కి తిరిగిన ప్రొపెల్లర్‌తో ఒక పెగాసస్ ఇంజిన్, బాగా తోలితే గంటకు 135 మైళ్లు. కంట్రోల్ కర్రని ఒక సీటు ముందు నుంచి ఊడబీకి ఇంకో సీటు ముందు గుచ్చుకోవచ్చు. చక్రాలు దింపి రన్‌వే మీదా దిగుతుంది, ఎత్తుకుని నీళ్ల మీదా దిగుతుంది. ఎత్తుకోవడం మరిచిపోతే నీళ్ల మీద పల్టీ కొడుతుంది.

దానికి అసలు కష్టం దిగడం కాదు, లేవడం. అలలు ఎక్కువుండి, నీళ్లలోంచి లాగిన వాళ్లూ ఎక్కాక, లేవలేకపోతే ఇక అది పడవే. ఈ సంగతి నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు. తెలిసి కూడా 11వ వారంలో బోల్తా పడ్డాను.

11వ వారం

లాగ్‌బుక్‌ని స్క్వాడ్రన్ ఆపరేషన్స్ రికార్డ్ బుక్‌తో, అంటే స్క్వాడ్రన్ తన పనులు రాసుకున్న పుస్తకంతో పోల్చే పని. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరుసలో ఉంటాయి. ఫారం 540 నెల కథ చెబుతుంది, ఫారం 541లో ఏ విమానం ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నది వరుసగా ఉంటుంది. రెండూ తీసుకోవాలి. నేను పిసినారితనంతో మొదట 541 ఒక్కటే తీసుకున్నాను.

1943 వేసవిలో ఒక రోజు. 541లో లేచింది 11.50, దిగింది 18.10. అంటే ఆరు గంటల ఇరవై నిమిషాలు. లాగ్‌బుక్‌లో అదే రోజు, అదే విమానం, .55. యాభై ఐదు నిమిషాలు! తేడా ఐదు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

మొదట గడియారాన్ని అనుమానించాను. 1941 నుంచి యుద్ధకాలపు వేసవుల్లో బ్రిటన్ గడియారం గ్రీనిచ్‌కి రెండు గంటలు ముందు నడిచేది. ఒక కాగితం గ్రీనిచ్‌లో, ఇంకోటి స్థానిక కాలంలో ఉంటే తికమక మామూలే. కానీ అప్పుడు తేడా సరిగ్గా రెండు గంటలుండాలి. ఇది అలా లేదు. విమానం అంకె తప్పు చదివానా? కాదు, ఏడో ఒకటో అన్న తకరారు కూడా లేదు. ఆ వరుసకి ఎర్రరంగు వేసి ‘పైలట్ పొరపాటు’ అని రాసి పడుకున్నాను.

‘పని’ గడిలో ఉన్నది నేను ఇలా చదివాను: వెతికాం, దిగాం, ముగ్గురు, టెస్టెడ్. ఏం టెస్ట్ చేశారో అర్థం కాలేదు. ఇంజిన్ కాబోలు అనుకున్నాను.

12వ వారం

మనసులో పీకుతూనే ఉంది. ఆ ఒక్క వరుస దగ్గరగా తీసి పంపమని మనవరాలిని అడిగాను. పక్క వెలుతురులో తీశారు. మూడో అక్షరం ఎస్ కాదు, ఎక్స్. కలం పాళీ ఒక గీత దగ్గర సిరా వదల్లేదు, కాగితం మీద గాడి మాత్రం ఉంది. టెస్టెడ్ కాదు, టాక్సీడ్. అంటే ఎగరకుండా విమానాన్ని నడుపుకుంటూ రావడం.

ఫారం 540 కూడా తెప్పించాను. ఆ రోజు కింద నాలుగు వాక్యాలున్నాయి. డింగీలోంచి (చిన్న రబ్బరు పడవ) ముగ్గురిని ఎక్కించుకున్నారు, అలల వల్ల లేవడం కుదరలేదు, ఇంటి దిక్కుగా నీళ్ల మీదే నడుపుకుంటూ వచ్చారు, చివర్లో ఒక లాంచీ తాడు కట్టి రేవులోకి లాగింది. 18.10 అంటే రేవు చేరిన వేళ, క్లర్కు దాన్ని ‘దిగింది’ గడిలో వేశారు. పైలట్ మాత్రం గాల్లో ఉన్న యాభై ఐదు నిమిషాలే తన ఖాతాలో వేసుకున్నారు. మిగతా ఐదు గంటల ఇరవై ఐదు నిమిషాలూ ఎగిరింది కాదు కదా, అందుకే రాయలేదు.

ఎర్రరంగు తీసేశాను. షీట్‌లో ‘నీటి మీద’ అని కొత్త గడి పెట్టి 5 గంటల 25 నిమిషాలు వేశాను. వెనక్కి వెళ్లి చూస్తే నేను ‘టెస్టెడ్’ అని చదివిన వరుసలు ఇంకో నాలుగున్నాయి. రెండు నిజంగానే టెస్టులు. మిగిలిన రెంటికీ ఫొటోలు అడిగాను, ఆవిడ ఆదివారం తీసి పంపుతానన్నారు. సర్వీసు రికార్డు ఇంకా రావాలి.