పదమూడో ఎక్కం, కుక్కర్ కూత

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో, మా అన్నయ్య కూతురు పదమూడో ఎక్కం అప్పజెబుతూ, వంటింట్లో కుక్కర్ కూత వేసినప్పుడల్లా పదమూడు ఏడుల దగ్గర ఆగిపోతుంది. "మళ్ళీ మొదటినుంచా, బాబాయ్?" అని నీరసంగా అడుగుతుంది. వదిన దాన్ని బద్ధకమంటుంది గాని, నేను ఒప్పుకోను.

ఏకాగ్రతను నిలిపే, నుదుటి వెనుక ఉండే మెదడు భాగం పూర్తిగా పక్వం కావడానికి 20 ఏళ్ళు దాటుతాయి. అక్కడ డోపమైన్ అనే రసాయనం తగ్గినా, మితిమీరినా మనసులో పట్టి ఉంచుకున్న అంకె జారిపోతుంది. గద్దిస్తే కలిగే ఒత్తిడికి అది మితిమీరుతుంది; పిల్లలు ఇంకా తడబడడానికి ఇదొక కారణం.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది గాబా. పెద్దల మెదడులో నాడీకణాలను నెమ్మదింపజేసే ఈ రసాయనమే, ఎదుగుదల తొలి దశలో, కణాల లోపల క్లోరైడ్ ఎక్కువగా ఉండడం వల్ల, వాటిని ఉత్తేజపరుస్తుంది. కేసీసీ2 అనే ప్రోటీను క్లోరైడ్‌ను బయటికి తోడేయడం మొదలుపెట్టాకే అది కళ్ళెంగా మారుతుంది.

ఇక జ్ఞాపకం. నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లుటమేట్ అనే రసాయనాన్ని అందుకునే, కణం పైపొరలోని ఎన్‌ఎండీఏ గ్రాహకం అనే ప్రోటీను ద్వారానికి మెగ్నీషియం బిరడాలా అడ్డుపడి ఉంటుంది. గ్లుటమేట్ చేరడం, కణం అప్పటికే ఉత్తేజితమై ఉండడం ఒకేసారి జరిగితేనే ఆ బిరడా ఊడి, కాల్షియం లోపలికి ప్రవేశించి, రెండు కణాల మధ్య సంధి బలపడుతుంది. సంధులు ఇలా చాలాసేపు బలపడి ఉండడాన్ని కుందేలు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో శాస్త్రవేత్తలు బ్లిస్, లోమో 1973లో వివరించారు.

నిన్న కుక్కర్ ఎక్కించకముందే ఎక్కం చదివించాము. పదమూడు తొమ్మిదులు నూట పదిహేడు దాకా ఆగకుండా వచ్చింది.