ఎనిమిది పాదాలు, ఒక పురుగు

బి.ఏ.లో మాకున్న ఇంగ్లిష్ పద్యాలన్నిటిలోకి చిన్నది విలియం బ్లేక్ రాసిన ‘ది సిక్ రోజ్’. ఎనిమిదే పాదాలు. బజారులో దొరికే గైడు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది: గులాబీ అంటే ప్రేమ, పురుగు అంటే మృత్యువు. మా లెక్చరర్ గారు మాత్రం ఆ పద్యాన్ని రోజుల తరబడి వదల్లేదు.

పద్యంలో ఉన్నదల్లా ఇంతే. ఓ గులాబీ, నీకు జబ్బు చేసింది. హోరుగాలి రాత్రి ఎగిరే, కంటికి కనపడని పురుగు నీ ఎర్రని ఆనందపు పాన్పును పసిగట్టింది. దాని చీకటి రహస్య ప్రేమ నీ ప్రాణం తీస్తోంది.

ప్రతీక సంగతి తర్వాత, ముందు పురుగును పురుగుగా చూడండి అనేవారాయన. పత్తి పండించే ఊరి నుంచి వచ్చిన మిత్రుడొకడు లేచి గులాబీ రంగు పురుగు గురించి చెప్పాడు. దాని రెక్కల పురుగు రాత్రిపూట తిరిగి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు మొగ్గలోకి దూరుతుంది. ఆ మొగ్గ విచ్చుకోదు, రేకులు ముడుచుకునే ఉంటాయి. ‘గుడ్డి పూలు అంటామండీ’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ‘బాగుంది. రాత్రి ఎగరడం, లోపల దాక్కోవడం తేలిపోయాయి. ఇంకేం మిగిలింది?’ అని అడిగారు. మిగిలింది ప్రేమే. చీడపురుగుకు ప్రేమేమిటి? మృత్యువే అయితే దానికి రహస్యమెందుకు? గైడు సమీకరణం అక్కడే చతికిలబడింది.

మర్నాడు ఆయన ఒక జిరాక్సు కాగితం తెచ్చారు. బ్లేక్ తన పద్యాలను రాగి పలకల మీద అక్షరాలతోపాటు బొమ్మ కూడా గీసి, పలకను ఆమ్లంతో తొలిచి అచ్చువేసేవాడు. రంగులు చేత్తో అద్దేవారు, ఆ పనిలో భార్య కేథరిన్ సాయం చేసేది. ఈ పద్యం 1794 నాటి ‘సాంగ్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ లోది. బొమ్మలో గులాబీ తల నేలకు వాలి ఉంది. పువ్వులోంచి చేతులు చాచిన చిన్న మనిషి ఆకారం బయటికి వస్తోంది. ముళ్ళ కొమ్మ మీద ఇద్దరు ముడుచుకుని ఉన్నారు. పైన ఒక గొంగళిపురుగు ఆకు తింటోంది. జిరాక్సులో ఎరుపు రాలేదు, దాన్ని మేమే ఊహించుకోవాల్సి వచ్చింది.

అదే సంపుటిలోని ఇరుగుపొరుగు పద్యాలు కూడా చదివించారు. ‘ది గార్డెన్ ఆఫ్ లవ్’లో, చిన్నప్పుడు ఆడుకున్న పచ్చిక మీద ప్రార్థనా మందిరం లేస్తుంది. నల్ల అంగీల పూజారులు కోరికలను ముళ్ళకంపతో కట్టేస్తుంటారు. ‘ఎ పాయిజన్ ట్రీ’లో మిత్రుడికి చెప్పుకున్న కోపం చల్లారుతుంది, శత్రువు దగ్గర దాచిన కోపం విషపు పండు కాస్తుంది. అవి చదివాక గులాబీ జబ్బు నాకు వేరుగా కనిపించింది. ప్రేమను సిగ్గుపడి దాచుకోవాల్సిన సంగతిగా నేర్పిన సమాజాన్నే బ్లేక్ తప్పుపడుతున్నాడని నాకనిపిస్తుంది. పురుగు రాకముందే ఆ పాన్పు చాటున ఉంది కదా!

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, సాధారణంగా నోరు విప్పని అమ్మాయి, అడిగింది: ‘గులాబీ ఒక్క మాటైనా మాట్లాడలేదు కదండీ, దానికి జబ్బని ఎవరు తేల్చారు?’ పద్యం చెబుతున్న గొంతును అంతవరకు మాలో ఎవరూ అనుమానించలేదు. అది జాలిపడుతోందా, నింద వేస్తోందా? ఆ గదిలో నేను విన్న విశ్లేషణలన్నిటిలోకి పదునైనది ఆ ప్రశ్నే. తర్వాత ఎం.ఏ.లో విమర్శకుల వ్యాసాలు చాలా చదివినా ఈ మాట మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

పరీక్షలో ఏం రాయాలండీ అని మేం అడగక మానలేదు. ‘గైడు వాక్యం ఒకటి మొదట రాసేయండి, దిద్దేవారు వెతుక్కోకుండా ఉంటారు. తర్వాత పేజీ అంతా ఈ అమ్మాయి ప్రశ్నకు జవాబు రాయండి’ అన్నారు ఆయన.