సొరుగు వెనక వైపు

పాత చెక్క బీరువా తుడుద్దామని ఇవాళ కింది సొరుగు పూర్తిగా బయటికి లాగాను. ముందు వైపు లతలూ పువ్వులూ, నగిషీ అంతా ముచ్చటగా ఉంటుంది. చేసినవాళ్ల పేరు దొరుకుతుందేమోనని టార్చ్ వేసి వెతికాను. ఎక్కడా లేదు.

కానీ అడుగు చెక్క మీద వేళ్లు ఆనిస్తే చిన్న చిన్న అలలు తగిలాయి. చేత్తో చిత్రిక పట్టిన జాడలు! ఎవరూ చూడని చోటు కదా, నున్నగా చేసే శ్రమ పెట్టుకోలేదు. మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్లు (పావురం తోకలా కోసి ఒకదాన్లో ఒకటి దూర్చే అతుకులు) ఒక్కోటీ ఒక్కో సైజు. కోసే ముందు గీసుకున్న సన్నటి గీత ఇంకా కనిపిస్తోంది, ఒకచోట రంపం ఆ గీత దాటేసింది. పొరపాటే, కానీ మొత్తం బీరువాలో నాకు బాగా నచ్చింది అదే.

ఎడమ తలుపు మీద పూరేకులు లోతుగా ఉన్నాయి, కుడి తలుపువి కాస్త పైపైన. ఇద్దరు చెక్కారని నా అనుమానం (లేదా ఒక్కరే, సాయంత్రానికి అలిసిపోయి).

పారిస్‌లో 1751 నుంచి వడ్రంగుల సంఘం వాళ్లు సామాను మీద పేరు ముద్ర తప్పనిసరి చేశారట. రాజుగారి పనివాళ్లకు మాత్రం మినహాయింపు. ఇక్కడ ముద్రా లేదు, మినహాయింపూ లేదు.

సొరుగు మళ్లీ పెడితే చప్పుడు లేకుండా జారిపోయింది. తుడవడం రేపు.