చేతి కొలతకు మౌస్

మౌస్ కొనడానికి ఇంత ఆలోచన అవసరమా అని మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. ఆయన పని ప్రెస్సుకూ పార్టీల ఇళ్లకూ తిరగడం. పొద్దస్తమానం మౌస్ పట్టుకుని కూర్చునేది నేను. నల్లగొండ ప్రకాశం బజారులో మాది చిన్న డీటీపీ దుకాణం. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ఇందులో అక్షరాలు కొట్టే పని తక్కువే. ఫొటోలోని మనిషిని వెనకున్న గోడ నుంచో చెట్ల నుంచో విడదీయడానికే సగం రోజు పోతుంది. ఫొటోషాప్‌లో పెన్ టూల్ తీసుకుని చెవి వంపు, మీసం అంచు, భుజం మీది కండువా మడత వెంట చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోవాలి. ఒక ఫ్లెక్సీ మీద పదిహేను మంది నాయకులుంటే పదిహేను తలలనూ ఇలాగే కోయాలి. ఒక్కరి చెవి తెగినా సాయంత్రానికి వాళ్ల మనిషి దుకాణం ముందు ఉంటాడు.

రాత్రి షట్టర్ దించి ఇంటికి వచ్చాక ఇంకో పని ఉంటుంది. పుణెలో ఉద్యోగం చేసే మా తమ్ముడూ నేనూ కలిసి వాలరెంట్ అనే కంప్యూటర్ ఆట ఆడతాం. ఫోను చేస్తే ‘తిన్నాను, బాగున్నాను’ తప్ప మరో మాట రాని వాడు, ఆటలో కూర్చుంటే ఆఫీసు గొడవల దగ్గర నుంచి అద్దె ఇంటి గొడవల దాకా అన్నీ చెబుతాడు. మొదట్లో ఆ కబుర్ల కోసమే కూర్చునేదాన్ని, తర్వాత ఆట మీదే మోజు పుట్టింది. నలభై దాటిన ఆడమనిషికి తుపాకుల ఆటలేమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను.

దుకాణంలోని మౌస్‌నే సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేదాన్ని. కాబట్టి నాకు కావలసింది రెండు పనులకూ పనికొచ్చే ఒకే మౌస్.

పాతది పేరున్న కంపెనీదే, చాలా కాలం బాగానే పనిచేసింది. తర్వాత నేను ఒకసారి నొక్కితే అది రెండుసార్లుగా తీసుకోవడం మొదలుపెట్టింది. బటన్ కింద చిన్న స్విచ్ ఉంటుంది, దాని లోపల పలుచని లోహపు రేకు. నొక్కినప్పుడు అది వంగి తగులుతుంది, ఆ చప్పుడే మనం వినే ‘టిక్’. కోటి క్లిక్కులు, రెండు కోట్ల క్లిక్కులు అని పెట్టెల మీద రాసేది ఈ స్విచ్ ఆయుష్షునే. రేకు అరిగిపోతే తగిలీ తగలనట్టు అదురుతుంది, కంప్యూటర్ దాన్ని రెండు నొక్కుళ్లుగా లెక్కపెడుతుంది. మీ మౌస్‌కు ఈ జబ్బు ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. ఒక ఫైలును పట్టుకుని తెర ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా లాగండి. మధ్యలో దానంతటదే జారిపడితే స్విచ్ పని అయిపోయినట్టే. నా విషయంలో పెన్ టూల్ అడగని చోట చుక్కలు పెట్టేది. ఆటలో అయితే ఒక్క తూటా పోవలసిన చోట రెండు పోయేవి.

అదే సమయంలో మణికట్టు నొప్పి కూడా మొదలైంది. ఎముకల డాక్టరుకు చూపించుకుంటే, రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగారు. మణికట్టు లోపలి నుంచి పోయే ఒక నరం నొక్కుకుపోతే ఆ వేళ్లే మొద్దుబారతాయట. నాకు తిమ్మిరి లేదు, చిటికెన వేలి వైపు లాగుడు మాత్రమే. ‘‘మీరు మౌస్ పట్టుకునే తీరు చూపించండమ్మా’’ అని బల్ల మీద తన సెల్‌ఫోను పెట్టారు. పట్టుకున్నాను. నా చెయ్యి మణికట్టు దగ్గర బయటి వైపు వంకర తిరిగి ఉంది. చేతిని మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉంచమని, బల్ల ఎత్తు మోచేతికి సమానంగా ఉండాలని చెప్పి పంపారు. కుర్చీ మీద మెత్త వేసుకుని ఎత్తు సరిచేసుకుంటే సగం బాధ తగ్గింది. మౌస్ కొనే ముందు కుర్చీ చూసుకోండి, ఖర్చు తక్కువ.

మిగిలిన సగం మౌస్‌దే. గడియారం సెంటరు చుట్టుపక్కల కంప్యూటర్ దుకాణాలన్నింట్లో అడిగాను. నల్లగొండలో మౌస్ దొరకదని కాదు, కావలసినన్ని ఉన్నాయి. కానీ అన్నీ గట్టి ప్లాస్టిక్‌లో బిగించి ఉంటాయి. ‘‘పట్టుకుని చూస్తాను, ఒకటి తీయండి’’ అంటే, ‘‘తీస్తే మీరు కొనాల్సిందే మేడం’’ అంటారు. వాళ్ల తప్పు కాదు, విప్పిన పెట్టెను ఇంకొకరు కొనరు. గేమింగ్ మౌస్ కావాలన్నాననుకోండి, ముందు రంగురంగుల దీపాలు వెలిగించి చూపిస్తారు. ఆ దీపాలు ఉండేది నా అరచేతి కింద. అవి చూడాల్సింది నేను కాదు, నా ఎదురుగా కూర్చున్న పెళ్లివారు.

తమ్ముడు మాత్రం డీపీఐ దగ్గరే ఆగిపోయాడు. ‘‘అక్కా, ఎనిమిది వేలైనా లేనిదే తీసుకోవద్దు.’’ వాడితో వాదించాలంటే లెక్క తెలియాలి కదా, నేర్చుకున్నాను. మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటర్‌కు ఎన్ని చుక్కలు జరిగినట్టు చెబుతుందో ఆ సంఖ్యే డీపీఐ. మామూలు తెర అడ్డంగా 1920 చుక్కలు. 800 డీపీఐ పెట్టుకుంటే తెర ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి చెయ్యి 2.4 అంగుళాలు జరగాలి, అంటే సుమారు ఆరు సెంటీమీటర్లు. 8000 పెడితే ఆరు మిల్లీమీటర్లలో తెర అయిపోతుంది. ఆరు మిల్లీమీటర్లలో నేను నాయకుడి మీసం ఎలా కోయాలి? ఊపిరి పీల్చినా బాణం గుర్తు కదిలిపోతుంది. గురి చూసి కాల్చే ఆటలు బాగా ఆడేవాళ్లలో చాలామంది 400, 800, మహా అయితే 1600 దగ్గరే ఉంటారు. ఇవి ఇవ్వని గేమింగ్ మౌస్ లేదు. అది చెప్పాక తమ్ముడు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ‘‘అయినా ఎక్కువ ఉంటే మంచిదే’’ అన్నాడు.

వాడు చెప్పినవాటిలో ఒకటి మాత్రం నిజంగా పనికొచ్చింది. మౌస్ తన జాడను సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు పంపుతుందన్నది. ఆఫీసు మౌస్‌లు ఎక్కువగా 125 సార్లు పంపుతాయి, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగ్ రకాలు 1000 సార్లు, మిల్లీసెకనుకు ఒకసారి. బిల్లు పుస్తకం చేసేటప్పుడు తేడా తెలియదు. గుండ్రటి గీత వేగంగా గీసినప్పుడూ, ఆటలో గబుక్కున తిరిగినప్పుడూ తెలుస్తుంది.

వైరు లేనిది తీసుకోవచ్చు కదా అని దుకాణాల్లో అందరూ అన్నారు. ఇప్పటి మంచి వైర్‌లెస్ మౌస్‌లు వేగంలో ఏమీ తీసిపోవు, ఒప్పుకుంటాను. కానీ అంత మంచివి నా బడ్జెట్‌లో లేవు. పైగా ముహూర్తాల రోజుల్లో, పెళ్లికూతురి మేనమామ పక్కన నిలబడి ‘‘మా పేరు పైకి పెట్టమ్మా’’ అంటున్నప్పుడు బ్యాటరీ అయిపోతే ఎవరికి చెప్పుకోవాలి? వైరు అని తేల్చుకున్నాను. నిటారుగా, కరచాలనం చేస్తున్నట్టు పట్టుకునే మౌస్‌లు కూడా ఉన్నాయి. తెలిసినావిడ దగ్గర ఒకటి ఉంటే వాడి చూశాను. మణికట్టుకు హాయిగానే ఉంది. చిన్న చుక్కల పనికి మాత్రం చెయ్యి తిరగలేదు, ఆటలో అయితే సరేసరి.

చేతిని కొలుచుకోవాలన్న సంగతి అప్పుడే తెలిసింది. ఒక పెళ్లిపత్రిక ప్రూఫు వెనక చెయ్యి పెట్టి, మణికట్టు మడత దగ్గర ఒక గీత, మధ్యవేలి కొన దగ్గర ఒక గీత గీసి స్కేలుతో చూశాను. పదహారున్నర సెంటీమీటర్లు. చిన్న చెయ్యి. కొలతతో పాటు పట్టు కూడా చూసుకోవాలి. కొందరు అరచెయ్యంతా మౌస్ మీద ఆనించి వేళ్లు చాపుతారు. కొందరు మణికట్టు వైపున్న అరచేతి కింది భాగం మాత్రమే ఆనించి వేళ్లను గద్ద గోళ్లలా వంచుతారు. ఇంకొందరికి వేలికొసలు తప్ప ఏదీ తగలదు. నాది రెండో రకం. మౌస్ పొడవు చేతి పొడవులో అరవై శాతం ఉంటే సరిపోతుందని ఒక మోటు లెక్క ఉంది. దాని ప్రకారం నాకు పది సెంటీమీటర్లు చాలు. ఆ సైజువి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకునే బుల్లి మౌస్‌లు. వాటితో గంట పనిచేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ లెక్కను నేను పక్కన పెట్టాను. చేతి పొడవు తెలుసుకోవడం మాత్రం అవసరమే, మరీ పెద్దవాటిని చూడకుండానే తీసేయవచ్చు.

చివరికి హైదరాబాద్‌లో పేపరు సరుకు కొనే పని పడినప్పుడు సికింద్రాబాద్ కూడా కలుపుకున్నాను. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగితే అక్కడి నుంచి పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఆటో. కంప్యూటర్ సామాను అంతా ఒకే చోట. ఒక దుకాణంలో విప్పిన మౌస్‌లు వరసగా బల్ల మీద పెట్టి ఉన్నాయి. కూర్చోవడానికి స్టూలు కూడా వేశారు. ఆ అబ్బాయికి ఓపిక ఎక్కువ, ‘‘ఎంతసేపైనా చూడండి మేడం’’ అన్నాడు. చూశాను.

రేజర్ డెత్‌ఆడర్ ఎసెన్షియల్ పట్టుకోగానే ఇది మా తమ్ముడి చేతిది అనిపించింది. 127 మిల్లీమీటర్ల పొడవు, 96 గ్రాములు, కుడిచేతి వంపుకు తగ్గట్టు మలిచిన ఆకారం. అరచెయ్యంతా ఆనించే పెద్ద చేతికి చక్కగా కుదురుతుంది. నా బొటనవేలు పక్క బటన్లలో ముందుదాన్ని అందుకోవాలంటే పట్టు మొత్తం సడలించాలి. లాజిటెక్ జీ102 దానికంటే చిన్నది, 117 మిల్లీమీటర్లలోపు, 85 గ్రాములు. మధ్యలో గూను తక్కువ, రెండు వైపులా ఒకే వంపు. కళ్లు మూసుకుని పట్టుకున్నాను. బొటనవేలు ఎక్కడ పడాలో అక్కడే పడింది, రెండు పక్క బటన్లూ వేలు జరపకుండా అందాయి. చిటికెన వేలు బల్లకు రాసుకుంటుందేమోనని అటూ ఇటూ తిప్పాను, లేదు. తర్వాత పైకెత్తి దించాను, చాలాసార్లు. పక్కనున్నాయన వింతగా చూశాడు. తక్కువ డీపీఐ పెట్టుకుని ఆడేవాళ్లు మౌస్‌ను మాటిమాటికీ ఎత్తి వెనక్కి పెట్టుకోవాలి, బరువు సంగతి అక్కడే తేలుతుంది.

ఇంకొన్ని చూశాను, వాటిలో ఒకదానికి బొటనవేలి కింద పన్నెండు బటన్లు. 1960లలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చెక్కతో చేసిన తొలి మౌస్‌కు ఉన్నది ఒక్కటే బటన్. నాకు రెండు పక్క బటన్లుంటే చాలు, ఒకటి చేసింది వెనక్కి తీసుకోవడానికి, ఒకటి తెర పెద్దది చేయడానికి.

పక్కలకు మెత్తటి రబ్బరు అంటించినవి దుకాణంలో చేతికి హాయిగా ఉంటాయి. మన నల్లగొండ మే నెలలో చెమట చేతితో రోజంతా పట్టుకుంటే ఆ రబ్బరు రెండు మూడేళ్లలో బంకలా సాగుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. మా పాత కెమెరా పట్టుకు అదే జరిగింది. అందుకే గరుకు ప్లాస్టిక్‌కే నా ఓటు. వైరు కూడా వేళ్ల మధ్య వంచి చూశాను. కొన్నింటికి పైన నైలాన్ అల్లిక ఉంటుంది, చూడటానికి దృఢంగా ఉన్నా బల్ల అంచున గీసుకుని మౌస్‌ను వెనక్కి లాగుతుంది. మెత్తగా, వదిలితే వాలిపోయే వైరు మేలు.

జీ102 తీసుకున్నాను. బిల్లునూ, మౌస్ అడుగున ఉన్న సీరియల్ నంబరునూ అక్కడే ఫొటో తీసుకున్నాను. వారంటీకి వెళ్లేనాటికి ఆ బిల్లు మీది అక్షరాలు ఉంటాయన్న నమ్మకం లేదు.

దుకాణంలో పెట్టాక ఇంకో చిక్కు. మా బల్ల మీద అద్దం, అద్దం కింద నమూనా పత్రికలు. మౌస్ అడుగున ఉండే చిన్న కెమెరా, కింది ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీసి, తేడా చూసి కదలికను లెక్కగడుతుంది. స్వచ్ఛమైన అద్దంలో దానికి పట్టుకోవడానికి ఏమీ కనిపించదు. ఫ్లెక్సీ ముక్క వేసి చూశాను, ఫ్యాను గాలికి అంచులు లేస్తున్నాయి. అడుగున రబ్బరున్న పెద్ద గుడ్డ ప్యాడ్ తెప్పించాను. మణికట్టుతో కాకుండా మోచేతితో కదపాలంటే ప్యాడ్ పెద్దదిగానే ఉండాలి. వైరు జారకుండా పత్రికల కట్టకు పెట్టే బైండర్ క్లిప్‌ను మానిటర్ స్టాండుకు తగిలించి, అందులోంచి కాస్త వదులుగా దూర్చాను. దీనికోసం ప్రత్యేకంగా స్టాండ్లు అమ్ముతారు, డబ్బు దండగ.

విండోస్ మౌస్ సెట్టింగులలో ‘ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్’ అని ఒక గడి టిక్ పెట్టి ఉంటుంది. పేరు చూసి మంచిదనుకుంటాం. అది చేసేది, చెయ్యి వేగంగా కదిలితే బాణాన్ని ఇంకా దూరం తోయడం. అంటే అదే ఆరు సెంటీమీటర్లకు ఒకసారి తెర సగం, ఇంకోసారి తెర మొత్తం. చేతికి అలవాటు కుదరదు. ఆ టిక్ తీసేశాను. మొదటి రోజు బాణం బద్ధకంగా ఉన్నట్టనిపిస్తుంది, ఓపిక పట్టాలి. డీపీఐ పగలు 1200, రాత్రి 800 పెట్టుకున్నాను. చక్రం కింది చిన్న బటన్ నొక్కితే మారిపోతుంది.

మణికట్టు లాగుడు పూర్తిగా పోలేదు, పదిహేను తలల ఫ్లెక్సీ వచ్చిన రోజు ఇప్పటికీ పలకరిస్తుంది. తలల మధ్య లేచి నాలుగడుగులు వేసి వస్తున్నాను. తమ్ముడు నా మాట విని తన చెయ్యి కొలిచి పంపాడు, ఇరవై సెంటీమీటర్లు. వాడికి డెత్‌ఆడర్ చూడమన్నాను. ‘‘డీపీఐ ఎంత?’’ అని అడిగాడు.