లిస్ప్‌లో పీటముడి: రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి అడిగితే

ఆదోని పత్తి యార్డు లెక్కలకు కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం అనుకోండి. ఒక రైతు తెచ్చిన లాట్లన్నీ ఎన్ని క్వింటాళ్లో లెక్కగట్టే ఫంక్షన్ రైతు ఫైల్లో ఉంది, దానికి లాటు ఫైలు కావాలి. చీటీ అచ్చేసే ఫంక్షన్ లాటు ఫైల్లో ఉంది, దానికి రైతు పేరూ ఊరూ కావాలి. లిస్ప్ ఫైళ్లను వరుసగా కంపైల్ చేసి లోడ్ చేసే సాధనం ఏఎస్‌డీఎఫ్. అందులో రెండింటికీ డిపెండ్స్-ఆన్ (దీనికి ముందు ఏ ఫైలు కావాలో చెప్పే మాట) రాస్తే సర్క్యులర్ డిపెండెన్సీ అని ఆగిపోతుంది.

చాలామంది వెంటనే రెండు ఫైళ్లూ కలిపేస్తారు. అది తొందరపాటు. ముందు అడగాల్సింది, అవతలి ఫైల్లోది ఎప్పుడు కావాలని: ఫైలు చదివేటప్పుడా, కంపైలయ్యేటప్పుడా, లోడయ్యేటప్పుడా, ఫంక్షన్‌ని పిలిచినప్పుడా?

పిలిచినప్పుడే అయితే అక్కడ ముడే లేదు. కామన్ లిస్ప్‌లో పిలుపు సింబల్ (అంటే పేరు) మీదుగా వెళ్తుంది, పిలిచే వేళకు నిర్వచనం ఉంటే చాలు. డిపెండ్స్-ఆన్ ఒకటి తీసేయండి. ఎస్‌బీసీఎల్ (ఒక కామన్ లిస్ప్ కంపైలర్) స్టైల్-వార్నింగ్ అనే చిన్న హెచ్చరిక ఇస్తే, ఆ ఫంక్షన్ పేరును డిక్లెయిమ్ ఎఫ్‌టైప్‌తో ముందే ప్రకటించండి.

చదివేటప్పటి ముడి ప్యాకేజీలది, అంటే పేర్లను విడివిడిగా దాచే పెట్టెలది. కోడ్‌లో రైతు:పేరు అని కనబడగానే రీడర్‌కు (కోడ్ చదివే భాగానికి) ఆ ప్యాకేజీ, ఎక్స్‌పోర్ట్ అయిన ఆ సింబల్ కావాలి. ఫంక్షన్ అక్కర్లేదు. అందుకే డిఫ్‌ప్యాకేజ్‌లన్నీ (ప్యాకేజీల నిర్వచనాలన్నీ) ఒకే ఫైల్లో పెట్టి అందరికన్నా ముందు లోడ్ చేయండి. రెండు ప్యాకేజీలూ ఒకదాన్నొకటి యూజ్ చేస్తే (అవతలిదాని పేర్లను తెచ్చుకుంటే) మొదటిది చదివేసరికి రెండోది ఉండదు, ఎర్రర్ వస్తుంది. యూజ్ వదిలేసి ప్యాకేజీ పేరుతోనే రాయండి.

అసలు పీటముడి మాక్రోలది, అంటే కంపైలయ్యేటప్పుడే వేరే కోడ్‌గా విస్తరించేవాటిది. మాక్రో దాన్ని వాడిన చోటు తర్వాత వస్తే కంపైలర్ దాన్ని మామూలు ఫంక్షన్ పిలుపుగా కంపైల్ చేసేసి ఉంటుంది. ఆపైన మాక్రో వచ్చినా ఆ పాత కోడ్ మారదు. మాక్రోలను విడిగా, ప్యాకేజీల తర్వాతి ఫైల్లో పెట్టండి. మాక్రోలో పని తక్కువగా ఉంచి, లోపలి కోడ్‌ను లాంబ్డాగా (పేరులేని ఫంక్షన్‌గా) చుట్టి ఒక ఫంక్షన్‌కు అప్పగిస్తే ఇంకా మేలు. విస్తరణలో ఆ ఫంక్షన్ పేరే ఉంటుంది కాబట్టి అది ఎక్కడున్నా ఫర్వాలేదు. మాక్రో విస్తరించేటప్పుడే వాడే సహాయ ఫంక్షన్లు అదే ఫైల్లో ఉండి, మాక్రోనూ ఆ ఫైల్లోనే వాడితే, వాటిని మాత్రం కంపైల్ వేళకే సిద్ధంగా ఉండేలా ఎవాల్-వెన్‌లో చుట్టాలి.

అన్నింటికన్నా మోసం చేసేది డిఫ్‌వార్, అంటే ప్రోగ్రాం అంతటికీ కనబడే వేరియబుల్ నిర్వచనం. *తరుగు* అనే వేరియబుల్‌కు డిఫ్‌వార్ రెండో ఫైల్లో ఉండి, మొదటి ఫైల్లో దానికి లెట్‌తో 2 కిలోలు ఇచ్చారనుకోండి. అప్పటికి అది స్పెషల్ (లెట్‌తో ఇచ్చిన విలువ లోపల పిలిచిన ఫంక్షన్లకూ చేరేది) అని కంపైలర్‌కు తెలియదు, మామూలు లోకల్ వేరియబుల్‌గా తీసుకుంటుంది. లోపల పిలిచిన ఫంక్షన్‌కు ఆ 2 చేరదు, పాత తరుగే కనబడుతుంది. ఎర్రర్ ఉండదు, తూకం తప్పుతుంది. ఎస్‌బీసీఎల్ ఇచ్చే చిన్న స్టైల్-వార్నింగే ఆనవాలు, దాన్ని దాటెయ్యకండి. డిఫ్‌వార్‌లు కూడా మాక్రోల ఫైల్లోకే పోవాలి.

తర్వాత క్లాసులు, ఎందుకంటే డిఫ్‌మెథడ్ (ఒక క్లాసు వస్తువులపై పనిచేసే ఫంక్షన్ నిర్వచనం) లోడయ్యే వేళకు దాని క్లాసు ఉండి తీరాలి. డిఫ్‌పారామీటర్ (డిఫ్‌వార్ లాంటిదే) తొలి విలువ కోసం తర్వాత లోడయ్యే ఫైల్లోని ఫంక్షన్‌ని పిలిస్తే లోడ్‌లోనే పడిపోతుంది. ఆ పనిని ప్రోగ్రాం మొదలయ్యే ఫంక్షన్‌లోకి మార్చండి.

సరిచేశాక అదే రెప్ల్‌లో (కోడ్ టైప్ చేసి వెంటనే నడిపే చోట) చూసి నమ్మొద్దు. పాత నిర్వచనాలు ఇమేజ్‌లో (నడుస్తున్న లిస్ప్ మెమరీలో) మిగిలే ఉంటాయి, తప్పు వరుస కూడా పనిచేసినట్టే కనబడుతుంది. లిస్ప్ మూసి, కొత్తగా తెరిచి, లోడ్-సిస్టమ్‌ను ఫోర్స్ టీతో (అన్నీ మళ్లీ కంపైల్ చేయమని) నడపండి.

ముడి రెండు సిస్టమ్‌ల (ఏఎస్‌డీఎఫ్‌లో ఒకటిగా లోడయ్యే ఫైళ్ల గుంపుల) మధ్య ఉంటే రెండింటికీ కావాల్సింది తీసి మూడో సిస్టమ్ చేయండి. పరీక్షల సిస్టమ్‌ను అసలు సిస్టమ్ డిపెండ్స్-ఆన్‌లో రాయడం తరచూ జరిగే పొరపాటు, దాని చోటు ఇన్-ఆర్డర్-టూలోని టెస్ట్-ఆప్ కింద. ఏఎస్‌డీఎఫ్‌తో వచ్చే యూఐఓపీ లైబ్రరీలోని సింబల్-కాల్ పేరును ప్రోగ్రాం నడిచేటప్పుడు వెతుకుతుంది కాబట్టి ఫంక్షన్ పిలుపుల ముడిని దాటిస్తుంది. కానీ రేపు ఎవరైనా ఆ ఫంక్షన్ పేరు మారిస్తే కంపైలర్ నోరెత్తదు, యార్డులో చీటీ అచ్చేసేటప్పుడే బయటపడుతుంది.